చిన్నీకి, నాలుగు టీవీల గురించి

చిన్నీ,

నాలుగు గదుల్లో నాలుగు టీవీలు పెట్టి, అన్నిటికీ ఫైళ్లు దాచి పంపే ఒకే కంప్యూటర్, అంటే సర్వర్ నుంచి సినిమాలు, ఇంటి వీడియోలు వచ్చేలా నువ్వే సొంతంగా అమర్చుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నాను.

వైరింగ్ నీకు తెలిసిందే. నెట్‌వర్క్ స్విచ్ నుంచి ప్రతి టీవీకీ విడిగా ఒక క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగు. పూర్తి రాగిదే కొను, కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దూర్చకు. చాలా టీవీల్లో ఆ కేబుల్ గుచ్చే లాన్ పోర్ట్ వేగం సెకనుకు 100 మెగాబిట్లే. పెద్ద 4కె ఫైలు ఆగి ఆగి వస్తుంటే కేబుల్‌ని తిట్టుకోకుండా ఆ టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చి చూడు. ఫైళ్లు కూడా టీవీలు నేరుగా ప్లే చేయగల ఫార్మాట్‌లోనే ఉంచుకో. లేకపోతే సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపాలి, నాలుగు టీవీలూ ఒకేసారి అడిగితే చిన్న మెషీన్ తట్టుకోలేదు.

నా భయం అంతా డిస్కుల గురించే.

నేను మొదటిసారి సర్వర్ పెట్టినప్పుడు రెండు డిస్కులు కొని రెయిడ్ 1లో జత చేశాను. ఒకదాంట్లో పడిందల్లా రెండోదాంట్లోనూ పడుతుంది, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని ధీమా. ఇంట్లోని పాత టేపులన్నీ రోజుల తరబడి కూర్చుని అందులోకి ఎక్కించి, బూజు పట్టాయని టేపులు పారేశాను. వేరే లాగిన్ చేయడానికి బద్ధకించి అన్ని టీవీల్లోనూ ఏదైనా తీసేసే అధికారం కూడా ఉన్న నా అడ్మిన్ లాగిన్‌తోనే యాప్ తెరిచాను.

ఒకరోజు ఇంటికొచ్చిన చుట్టాల పిల్లాడు వెనక గదిలో రిమోట్‌తో ఆడుకుంటూ ఏదో నొక్కాడు. తీసేయమంటావా అని టీవీ అడిగితే సరే అన్నాడు. వాడి తప్పేముంది, చదవడం కూడా రాని వయసు. ఆ ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోయింది. నేను వారం దాకా చూసుకోలేదు. ఈలోగా సర్వర్ టీవీ ప్రోగ్రాములు రికార్డు చేస్తూ, ఖాళీ అయిన ఆ చోటంతా నింపేసింది, ఇక ఆ ఫైలును వెనక్కి తెచ్చుకునే దారి లేకపోయింది.

ఆ పోయిన వీడియోలో ఉన్నది మీ తాతయ్య. స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకుని రేడియో విప్పుతూ, "ఒరేయ్, ఆ లైటు కాస్త ఇటు పట్టరా" అని మీ నాన్నని పిలుస్తాడు. ఆయన గొంతు మా దగ్గర ఉన్నది అదొక్కటే.

మీ నాన్నకు చెప్పడానికి నాకు నెలలు పట్టింది. విని కాసేపు మాట్లాడలేదు. "ఎప్పుడూ నోట్లోనే పెట్టుకునేవాడు కదా" అన్నాడు, అంతే.

నువ్వు కూడా "రెయిడ్ ఉంది కదా, భయమేముంది" అన్నావట. అలా అనకు తల్లీ. అది డిస్కు చెడిపోతే కాపాడుతుంది, చెయ్యి జారితే కాపాడదు. టీవీలకు చూడటానికి మాత్రమే వీలున్న లాగిన్ ఇవ్వు, డిలీట్ అనుమతి తీసెయ్యి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్క నీ కంప్యూటర్ దాటకూడదు. ఇంకో డిస్కులో అంతా కాపీ చేసి, వైరు పీకేసి, వేరే ఇంట్లో దాచు. నెలకోసారి దాన్ని తెరిచి ఏదో ఒక వీడియో ప్లే చేసి చూడు.

ఆ డిస్కు నా దగ్గరికి పంపు. బీరువా పై అరలో చోటు ఖాళీ చేసి ఉంచాను.

మీ పెదనాన్న