వాసుకి సర్పం ఎలా బతికేది?

ప్రశ్న: అమ్రాబాద్ అడవిలో కొండచిలువను చూశాక, గుజరాత్‌లో బయటపడిన ప్రాచీన సర్పం వాసుకి అంత భారీ దేహంతో ఎలా వేటాడేదో తెలుసుకోవాలనిపించింది. వివరిస్తారా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: కచ్ ప్రాంతంలోని పనంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన 27 వెన్నుపూసలను పరిశీలించిన ఐఐటీ రూర్కీ శాస్త్రవేత్తలు, సుమారు 4.7 కోట్ల సంవత్సరాల నాటి ఈ పాముకు 2024లో ‘వాసుకి ఇండికస్’ అని పేరు పెట్టారు. పొడవు 11 నుంచి 15 మీటర్ల దాకా ఉండవచ్చని వారి అంచనా. కొన్ని పూసల వెడల్పు పది సెంటీమీటర్లు దాటింది; దీన్నిబట్టి దేహం లావుగా, గుండ్రంగా ఉండేదని, కనుక అది ఎరను తరమకుండా చిత్తడి నేలల్లో మాటువేసి, చుట్టి బిగించి చంపేదని భావిస్తున్నారు. పాముల ఒంటికి వేడి పరిసరాల నుంచే అందాలి కాబట్టి, సగటున 28 డిగ్రీల మేర ఉన్న ఆనాటి వెచ్చదనం అంతటి ఎదుగుదలకు తోడ్పడింది. కొలంబియాలో దొరికిన మరో భారీ ప్రాచీన సర్పం టైటనోబోవా దీనికంటే కోటి ఏళ్లకు పైగా పాతది.