పాస్కా పండుగ నాడు టీవీ ఎవరిది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంట్లో ఒకటే టీవీ. అత్తమ్మకు 72 ఏండ్లు. మోకాళ్ల నొప్పులతో చర్చికి పోలేదు, పాస్కా (ఈస్టర్) ఆదివారం పూజ, పోప్ గారి దీవెన అన్నీ టీవీలోనే చూస్తది. మా ఆయన రైస్ మిల్లుల పనిచేస్తడు. సెలవు ఆదివారం ఒక్కటే, ఆ రోజు క్రికెట్ కావాలంటడు. పిల్లలకు కార్టూన్లు. పోయిన పండుగకు సౌండ్ దగ్గర మాటామాటా పెరిగి ఆయన టీవీ వైరు పీకేసిండు. అత్తమ్మ అన్నం ముట్టకుండా సూర్యాపేటల ఆడబిడ్డ ఇంటికి పోయింది, పది రోజులకు వచ్చింది. మళ్లా పండుగ వస్తుందంటే దడ పుడుతున్నది. ఏం చెయ్యాలె?

జవాబు: అమ్మా, మాట పెరిగింది సౌండ్ దగ్గరని మీరే రాశారు. ముందు అదే సర్దుదాం.

పెద్ద వయసులో చెవి మందగిస్తే ముందు పోయేవి సన్నని శబ్దాలు. స, శ, ఫ, త లాంటివి తెలియవు. మాట చెవిన పడుతుంది కానీ ఏమన్నారో అందదు, అందుకని సౌండ్ పెంచమంటారు. పెంచితే డోలక్ మోతా పాటా పెరుగుతాయి, ఫాదర్ గారి ప్రసంగం మాత్రం అలాగే ముద్దగా ఉంటుంది. మీ అత్తమ్మది మొండితనం కాదని మీ ఆయనకు ఈ సంగతి చెప్పండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో ‘క్లియర్ వాయిస్’ అనో ‘న్యూస్’ అనో ఉంటే అది పెట్టి, బాస్ తగ్గించండి. ఆమె కుర్చీని టీవీకి ఐదారు అడుగుల దగ్గరికి జరపండి. హాల్లో కూలర్ మోగుతుంటే ఏ సెట్టింగూ అక్కరకు రాదు, పూజ అయ్యేదాకా ఫ్యానుతో సరిపెట్టుకోండి. పండుగకు వారం ముందే ఒకసారి చెవుల డాక్టరుకు చూపించండి. గులిమి గట్టిపడి అడ్డుపడి ఉంటే తీయించగానే తేడా తెలుస్తుంది. ఇంట్లో పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి తీయొద్దు.

ఇక వేళల సంగతి. రోమ్‌లో పోప్ గారు ‘ఊర్బి ఎత్ ఓర్బి’ (నగరానికీ లోకానికీ) దీవెన ఇచ్చేది అక్కడి మధ్యాహ్నం 12 గంటలకు. ఎండకాలం వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుకుంటారు, అప్పుడు మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, అంటే ఇక్కడ 3:30. ఆదివారం రెండు ఐపీఎల్ మ్యాచ్‌లుంటే మొదటిది మొదలయ్యేది కూడా సరిగ్గా 3:30కే. పాస్కా ఎప్పుడూ మార్చి 22, ఏప్రిల్ 25 మధ్యనే పడుతుంది, ఐపీఎల్ కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే కాబట్టి ఈ చిక్కు దాదాపు ఏటా వచ్చేదే. దీవెన అరగంట అటూఇటూ. దానికి ముందు పూజ మన లెక్కన ఒంటిగంటన్నర, రెండు మధ్య మొదలవుతుంది. అక్కడినుంచి నాలుగింటిదాకా టీవీ అత్తమ్మది. మీ ఆయనకు టీవీలో తప్పిపోయేది పవర్‌ప్లే ఆరు ఓవర్లు, అవి ఫోన్లో ఇయర్‌ఫోన్ పెట్టుకొని చూడొచ్చు. మసకబారిన కళ్లతో పెద్దావిడను ఫోన్లో చూడమనడం నాకు ఒప్పనిపించడం లేదు. నాలుగు తర్వాత మ్యాచ్, పొద్దున పదిదాకా పిల్లలు. కార్టూన్లు మర్నాడూ వస్తాయి కాబట్టి పిల్లలను ఒప్పించడం తేలిక. ఇదంతా శనివారం మాపటికే కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి. పండుగ పొద్దున మొదలుపెడితే ఎవరూ వినరు.

డిష్ రీచార్జి గడువు శుక్రవారమే చూసుకోండి. గాలివాన వస్తే సిగ్నల్ పోతుంది, అప్పటికి ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి. 480లో పెడితే గంటకు సుమారు అర జీబీ, కొంచెం ఎక్కువ అవుతుంది.

వైరు పీకిన మాట మాత్రం కాగితంతో పోదు. మీ ఆయన అమ్మకు క్షమాపణ చెప్పాలి. పండుగ నాడు వద్దు, ముందే, పవిత్ర బేస్తవారం (పాస్కాకు ముందు గురువారం) నాడు. ఆ సాయంత్రం పూజలో ఫాదర్ గారు వంగి పన్నెండు మంది పాదాలు కడుగుతారు, ఆ రోజు కొడుకు తగ్గి మాట్లాడితే ఆమెకు విడమరిచి చెప్పక్కర్లేదు. “అమ్మా, నువ్వు పూజ చూస్తుండగ వైరు పీకిన, తప్పయింది” అంటే చాలు. “నువ్వు కూడా సౌండ్ పెంచినవ్ కదా” అని తోక తగిలించొద్దు. ఆయన కోపం వస్తువుల మీద ఆగకుండా ఎప్పుడైనా మనుషుల మీదికి వచ్చి ఉంటే అది వేరే సంగతి, 181కి ఫోన్ చేయండి.

ఇంకొకటి అడగాలని ఉంది. అత్తమ్మను చర్చికి తీసుకుపోయే దారి నిజంగా లేదా? శనివారం రాత్రి పాస్కా జాగరణకు ఆటోలో తీసుకుపోయి, వెనక వరుసలో కుర్చీ వేయించమని అడగండి. అంతసేపు కూర్చోలేకపోతే విచారణ గురువుకు (మీ చర్చి ఫాదర్ గారికి) చెప్పండి, కదలలేని పెద్దవాళ్లకు దివ్య సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) ఇంటికే తెచ్చి ఇస్తారు. టీవీలో పూజ కనపడుతుంది గానీ సత్ప్రసాదం అందదు. పొద్దంతా ఆ తెర ముందు నుంచి ఆమె లేవకపోవడానికి ఆ లోటే కారణం కావచ్చు.

మీ ఉత్తరంలో అందరికీ ఏం కావాలో ఉంది, మీకేం కావాలో లేదు. బగారన్నానికి గరం మసాలా దినుసులు, ఉల్లిగడ్డ శనివారమే సిద్ధం చేసుకోండి. కూర పొద్దున పదిన్నరకల్లా పొయ్యి మీద పడితే పన్నెండున్నరకు అందరితో మీరూ కూర్చొని తినొచ్చు. గిన్నెలు ఆయన, పిల్లలు చూసుకుంటారని ఆ కాగితం మీదే రాయండి. దాని కిందనే రాత్రి ఒక గంటకు మీ పేరు కూడా రాసుకోండి.