ఖర్చు దగ్గర వెనక్కి తగ్గేవాళ్లతో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆఫీసులో నలుగురం కలిసి మధ్యాహ్నం యాప్‌లో భోజనం తెప్పించుకుంటాం. ఆర్డరు ఎప్పుడూ నా ఫోన్ నుంచే. ఒకాయన ప్రతిసారీ "జీపే కొడతాలే" అంటాడు. నాలుగుసార్లు గుర్తుచేస్తే కొడతాడు, అదీ తను తిన్నదాని ధర మాత్రమే. డెలివరీ, ప్యాకింగ్, జీఎస్టీ నా నెత్తిన పడతాయి. అడిగితే "ఇరవై రూపాయలకు కూడానా?" అంటాడు.
– గచ్చిబౌలి, హైదరాబాద్

జవాబు: ఇరవై రూపాయలు అడగడం చిన్నతనం కాదు, ఎగ్గొట్టడమే చిన్నతనం. నెలకు 22 పనిదినాలు, రోజుకు 20 చొప్పున 440. ఏడాదికి 5,280. ఆ డబ్బు ఆయన జేబులో మిగులుతున్నది మీ జేబులోంచే.

ముందు లెక్క సరిచేసుకోండి. బిల్లును నాలుగు సమాన భాగాలు చేస్తే పెరుగన్నం తిన్నవాడు బిర్యానీకి డబ్బు కడతాడు, అదీ అన్యాయమే. ఎవరు తిన్నదాని ధరను బట్టి వాళ్లకు వాటా రావాలి. ఉదాహరణకు నలుగురి భోజనాలు 180, 240, 260, 320. మొత్తం 1,000. చార్జీలు కలిపి, తగ్గింపు తీసేశాక చివరి బిల్లు 1,120 అయింది. 1,120ని 1,000తో భాగిస్తే 1.12. ఒక్కొక్కరి ధరనూ దానితో గుణించండి: 201.60, 268.80, 291.20, 358.40. కూపన్ వల్ల బిల్లు 940కి తగ్గిన రోజున 0.94తో గుణించాలి. ఆ తగ్గింపు మీరొక్కరే ఉంచుకుంటే మాత్రం ఆయనకు మాట దొరుకుతుంది.

ఇక వసూలు. ఇదివరకు యూపీఐలో డబ్బు అడుగుతూ ఎదుటివారికి రిక్వెస్ట్ పంపే వీలుండేది. 2025 అక్టోబరు 1 నుంచి వ్యక్తుల మధ్య అది ఆగిపోయింది. కాబట్టి వెంటపడి అడగాల్సిన పనే లేకుండా చేసుకోండి. ఒకటో తారీఖున నలుగురూ తలా 1,500 మీకు ముందే పంపాలి. ఎవరి నిల్వ 300 కంటే తగ్గితే వాళ్ల భోజనం ఆ రోజు ఆర్డరులో ఉండదు. ఈ మాట ఆయనొక్కడికే చెబితే గొడవవుతుంది. నలుగురికీ ఒకేసారి గ్రూపులో, నెల మొదట్లో చెప్పండి. ఒప్పుకోకపోతే వారానికొకరి ఫోన్ నుంచి ఆర్డరు పెట్టే వంతు వేసుకోండి. తన వంతు వారంలో ఆ చార్జీల సంగతి ఆయనకే అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త. కొత్తగా చేరి, జీతంలో సగం ఇంటికి పంపే కుర్రాడు ఇలా చేస్తుంటే అది పిసినారితనం కాకపోవచ్చు. అతన్ని పక్కకు పిలిచి అడగండి, గ్రూపులో వద్దు.

ప్రశ్న: మేం ముగ్గురం ఒక ఫ్లాటులో అద్దెకుంటున్నాం. ఒకతను తన గదిలో ఏసీ పెట్టించుకున్నాడు. కరెంటు బిల్లు మూడు వాటాలు వేద్దామంటాడు. గొడవపడితే సబ్‌మీటర్ పెట్టించాడు. ఇప్పుడు "నా యూనిట్లు ఇన్ని, సగటు రేటు ఇంత" అని లెక్కగట్టి ఇస్తున్నాడు. అయినా మా బిల్లు మునుపటికంటే ఎక్కువే వస్తోంది. ఎక్కడ తేడా?
– కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తేడా అంతా ఆ సగటు రేటులోనే ఉంది. తెలంగాణలో ఇళ్లకు కరెంటు శ్లాబుల మీద నడుస్తుంది. వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల రేటు పెరుగుతుంది. అది చాలదన్నట్టు 200 యూనిట్లు దాటితే కింది యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన టారిఫ్ చూడండి. నెలకు 100 దాటి 200 లోపు వాడేవారికి మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 201వ యూనిట్ తిరిగిందంటే మొదటి 200కీ 5.10 చొప్పున పడుతుంది, అంటే 1,020. పై యూనిట్‌కు 7.70. ఒక్క యూనిట్‌తో 207.70 రూపాయలు పెరిగాయి.

ఇప్పుడు మీ ఫ్లాటు సంగతి. ఏసీ కాకుండా ముగ్గురి వాడకం 180 యూనిట్లు, సబ్‌మీటర్‌లో ఏసీ 220 యూనిట్లు చూపించిందనుకుందాం. మొత్తం 400. బిల్లు: మొదటి 200కు 1,020, తర్వాతి వందకు 7.70 చొప్పున 770, ఆ పై వందకు 9 చొప్పున 900. మొత్తం 2,690. మీ రూమ్మేట్ దాన్ని 400తో భాగించి, యూనిట్ 6.72 అని, 220కి దాదాపు 1,480 ఇస్తాడు. మిగిలిన 1,210ని ముగ్గురూ పంచుకుంటారు. కానీ ఏసీయే లేకపోతే 180 యూనిట్లకు బిల్లు ఎంత? 340, 384 కలిపి 724. అంటే ఏసీ వల్ల పెరిగింది 1,966. అతను ఇచ్చింది 1,480. మిగతా 486లో మూడింట రెండు వంతులు మీ ఇద్దరి మీద పడుతోంది. సబ్‌మీటర్ అబద్ధం చెప్పలేదు, లెక్కకు వాడిన రేటే తప్పు.

న్యాయమైన పద్ధతి ఇది. నెలనెలా బిల్లు వచ్చిన రోజే సబ్‌మీటర్ రీడింగు కూడా ఫోటో తీయండి. రోజులు కలవకపోతే లెక్కంతా పోతుంది. మొత్తం యూనిట్లలోంచి ఏసీ యూనిట్లు తీసేసి, మిగిలినవాటికే శ్లాబు ప్రకారం బిల్లు కట్టండి. దాన్ని మూడు భాగాలు చేయండి. అసలు బిల్లుకూ దీనికీ ఉన్న తేడా మొత్తం ఏసీ వాడినవాడిది. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వంటివి అందరికీ సమానం. ఎండాకాలం మీ ఇద్దరూ ఆ గదిలోనే చాపలు పరుచుకుని పడుకుంటుంటే మాత్రం ఆ తేడాలో మీకూ వాటా ఉంటుంది, అది దాచకండి.

ఆ ఇంటి మీటరుకు గృహజ్యోతి (200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం) కింద జీరో బిల్లు వస్తుంటే లెక్క ఇంకా పెద్దదవుతుంది. 200 దాటిన నెలలో ఆ సున్నా ఉండదు, బిల్లు మొత్తం కట్టాలి. అప్పుడు ఏసీ వల్ల పడిన భారం ఆ బిల్లు మొత్తం.

ప్రశ్న: మా మరిది కూతురి పెళ్లికి 5,116 చదివించాం. మొన్న మా గృహప్రవేశానికి వాళ్లు 516 చదివించారు. ఇద్దరూ ఉద్యోగస్తులే. మావారు ఇక వాళ్ల ఏ శుభకార్యానికీ వెళ్లొద్దంటున్నారు.
– తెనాలి

జవాబు: ముందు ఆ 516 నిజమో కాదో చూడండి. చదివింపుల దగ్గర తప్పులు చాలా జరుగుతాయి. కవరు మీద పేరు రాయరు, రాసేవాళ్లు ఒకరి పద్దు ఇంకొకరి వరసలో వేస్తారు, భర్త ఒక కవరు, భార్య ఒక కవరు ఇస్తే ఒకటే ఎక్కుతుంది. పేరు లేని కవర్లు ఎన్ని వచ్చాయో, వాటిలో ఎంతుందో చూసుకున్నాకే మాట అనండి.

పద్దు సరైనదే అయితే పోలిక సరైనదేనా? పెళ్లికీ గృహప్రవేశానికీ మన వైపు చదివింపుల స్థాయి ఒకటి కాదు. పాత మొత్తాలను యథాతథంగా పోల్చడం ఇంకో పొరపాటు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే దాదాపు 12 ఏళ్లలో రెట్టింపవుతాయి. పన్నెండేళ్ల కిందటి 1,116కి బదులుగా ఇప్పుడు 1,116 పెడితే సగమే పెట్టినట్టు.

ఇకమీదట పుస్తకంలో మొత్తంతోపాటు తేదీ, సందర్భం, చీర, వెండి కుంకుమభరిణె లాంటివి, వంటల దగ్గర నిలబడి పనిచేసినవాళ్ల పేర్లు కూడా రాసుకోండి. మూడు రోజులు ముందొచ్చి తోరణాలు కట్టిన మనిషి 116 చదివించినా ఆయన లోభి కాడు. ఇవన్నీ చూశాక కూడా మరిదిగారిది పిసినారితనమే అనిపిస్తే, వాళ్ల తర్వాతి శుభకార్యానికి మీ స్తోమతకు తగినంత చదివించి భోజనం చేసి రండి. కోపంతో 516 చదివిస్తే ఆ అంకె మీ పేరు పక్కనే నిలిచిపోతుంది.

ప్రశ్న: మా పెదనాన్నగారికి మంచి పెన్షన్ వస్తుంది. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఉత్త చేతులతోనే. పిల్లలకు అరటిపండు కూడా తేరు.
– నిజామాబాద్

జవాబు: ఆయన తినే అన్నం, తాగే కాఫీ తప్ప మీకు పోయిందేమీ లేదు. వదిలేయండి. ఆటోకు, మందులకు మీ చేత డబ్బు పెట్టించి మరిచిపోతుంటే అప్పుడు మళ్లీ రాయండి.

ప్రశ్న: మావారి జీతం 90 వేలు. ఇంటి ఖర్చుకు రోజుకు 200 ఇస్తారు, సాయంత్రానికి చీటీ చూపించాలి. పిల్లాడికి జ్వరమొస్తే మెడికల్ షాపులో మాత్ర తెచ్చి సరిపెట్టమంటారు. అడిగితే పొదుపు అంటారు. ఇది పొదుపేనా?
– హనుమకొండ

జవాబు: కాదు. తన చొక్కా, తన సినిమా, తన ప్రయాణం తగ్గించుకునేవాడిది పొదుపు. పిల్లల వైద్యం, ఇంట్లో వాళ్ల తిండి తగ్గించేవాడిది పొదుపు కాదు.

ఆయనతో మాట్లాడే ముందు అంకెలు సిద్ధం చేసుకోండి. రోజుకు 200 అంటే నెలకు 6,000. నలుగురి ఇంట్లో 26 కిలోల బియ్యం బస్తా 1,500, రోజుకో లీటరు పాలు 1,800, నాలుగు లీటర్ల నూనె 600, మూడు కిలోల కందిపప్పు 400, గ్యాసు 900. మీ ఊళ్లో ధరలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. మొత్తం 5,200. మిగిలింది 800. అంటే కూర, ఉప్పు, సబ్బు, పెన్సిలు అన్నింటికీ కలిపి రోజుకు 27 రూపాయలు. ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి. నోటితో చెబితే అది ఫిర్యాదులా వినిపించి ఆయన మాట తప్పించుకోవచ్చు.

అత్తమామల ముందు వద్దు, పిల్లల ముందు వద్దు, పిసినారి అనే మాట అసలు వద్దు. మూడు విషయాలు అడగండి. ఒకటి, నెలవారీ మొత్తం ఒకటో తారీఖునే మీ ఖాతాలో పడేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టడం. లెక్క నెలకోసారి చూపిస్తే చాలు. రెండు, వైద్యం కోసం కనీసం 10,000 విడిగా మీ చేతిలో ఉండడం, దాన్ని ఎవరినీ అడక్కుండా వాడుకోవడం. మూడు, దాచిన డబ్బు ఎక్కడుందో, ఎవరి పేరునుందో, నామినీ ఎవరో చెప్పడం. ఈ మూడోది చాలా ముఖ్యం. కొందరు ఇలా బిగించేది బయటికి చెప్పలేని అప్పు ఉన్నప్పుడు, లేదా చిన్నప్పుడు లేమి చూసి భయం వదలనప్పుడు. అలాంటివాళ్లు ఆ సంగతి బయటపడ్డాక మారతారు. తనకు కొత్త ఫోన్ కొనుక్కుంటూ మీ చీటీలు చూసేవాడి సంగతి వేరు.

పిల్లాడి విషయంలో మాత్రం ఆయన అనుమతి కోసం ఆగకండి. జ్వరం మూడు రోజులు దాటినా, ఫిట్స్ వచ్చినా, ఏమీ తాగలేకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వాసుపత్రిలో చూపించడానికి డబ్బు అక్కర్లేదు.

మాటలతో కదలకపోతే, అడిగినందుకు బెదిరిస్తే, చట్టం మీ వైపుంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఇంటి అవసరాలకు డబ్బు ఇవ్వకుండా ఆపడాన్ని ఆర్థిక హింస అంటుంది. కొట్టి ఉండాల్సిన పని లేదు. ఈ చట్టం కింద ఖర్చులు కోరడానికి ఇల్లు వదిలి రానక్కర్లేదు, ఆ ఇంట్లో ఉండే హక్కును కూడా అదే కాపాడుతుంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికో, జిల్లాలోని రక్షణ అధికారికో దారి చూపిస్తారు. లాయరు ఫీజుకు భయపడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. రోజూ చూపించిన చీటీలను పారేయకుండా తేదీల వారీగా దాచండి. ఇంటికి ఎంతిచ్చారో చెప్పే ఆధారం అవే.