గ్లైడర్ ఎడమకే లాగుతోందా? ముందు బ్యాటెన్లు చూడు

తమ్ముడూ, సెకండ్‌హ్యాండ్ హ్యాంగ్ గ్లైడర్, చేత్తో పట్టుకుని నడిపే బార్ మీద పట్టు కాస్త వదిలితే ఎడమకే తిరుగుతోంది, సెయిల్ (రెక్క గుడ్డ) మార్చాలా అని పర్లాకిమిడి నుంచి అడిగావు కదా. అప్పుడే డబ్బు తగలెయ్యకు.

బ్యాటెన్లన్నీ, అంటే సెయిల్‌కి వంపునిచ్చే సన్నని కడ్డీలన్నీ, బయటికి లాగి, ఎడమా కుడీ జోడీలుగా నేలమీద పక్కపక్కన పెట్టు. నాదీ ఇదే తంతు. బరంపురంలో మేడమీద గచ్చుపై పరిస్తే, ఎడమవైపు నాలుగోది వేలెడు వంపు తప్పి కనిపించింది! కంపెనీవాళ్ల బ్యాటెన్ పటం మీద పెట్టుకుని, మోకాలికి ఆనించి మెల్లగా సరిచేశాను. ఆ సాయంత్రమే తిన్నగా ఎగిరింది.

అవి బాగుంటే, సెయిల్ బిగింపు వదిలాక, లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందు అంచు) గొట్టాల వెంట దారం లాగి చూడు. వంగితే సుత్తి జోలికి పోకు. వంగిన అల్యూమినియాన్ని మళ్లీ వంచితే బలం పోతుంది, కొత్తది వెయ్యాల్సిందే.

గోపాల్‌పూర్ ఇసుకలో ప్రాక్టీసు చేశానన్నావు. ఉప్పుగాలి పాడుది. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టు. తీగల ప్లాస్టిక్ తొడుగు కింద తుప్పు దాక్కుంటుంది, చివర్లు మరీ చూడు.

ఒక్కసారికి ఒక్కటే మార్చి, చిన్న వాలు మీద ఎగిరి చూసి చెప్పు.