సంచి నిండుతోంది, దుమ్ము మాత్రం పోవడం లేదు

ప్రశ్న: మాది చిన్న ఫర్నిచర్ వర్క్‌షాప్. నలుగురు పనివాళ్లు. డస్ట్ కలెక్టర్ (పొడిని పీల్చి సంచిలో నింపే మిషన్) పెట్టించాం, మాస్కులు కొనిచ్చాం. సంచి రోజూ నిండుతోంది. అయినా తెల్లారేసరికి దూలాల మీద, మిషన్ల మీద మళ్లీ మెత్తటి పొడి. సాండింగ్ (చెక్కను నున్నగా రుద్దడం) చేసే కుర్రాడికి దగ్గు, ఆయాసం. సెలవుల్లో మాత్రం బాగానే ఉంటాడు. ఇంకా పెద్ద మిషన్ కొనమంటారా?
- ఒక వర్క్‌షాప్ యజమాని

జవాబు: మిషన్ సంగతి తర్వాత. ముందు ఆ కుర్రాణ్ని డాక్టరుకు చూపించండి. సెలవుల్లో తగ్గి, పనిలోకి రాగానే మొదలయ్యే ఆయాసం పని వల్ల వచ్చిన ఆస్తమా కావచ్చు. ఏ చెక్క కోస్తున్నారో, ఏ జిగురు, ఏ పాలిష్ వాడుతున్నారో కాగితం మీద రాసిచ్చి పంపండి. ఆ వివరం తెలియకపోతే మామూలు దగ్గు కిందే జమకట్టేసే ప్రమాదం ఉంది. ఆస్తమా అని తేలితే అతన్ని సాండింగ్ నుంచి తప్పించాల్సిందే. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలయ్యాక చిటికెడు పొడి కూడా ఎక్కువే.

ఇక సంచి. అందులో పడేది చాలావరకు పొట్టు, పేళ్లు. ఊపిరితిత్తుల లోతుకు దిగేది 10 మైక్రాన్ల కంటే సన్నటి పొడి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలు గుడ్డ సంచి దాన్ని ఆపలేదు, తిరిగి గదిలోకే వదిలేస్తుంది. రాత్రికి అదే దూలాల మీద దిగుతుంది. వీలైతే కలెక్టర్‌ను షెడ్డు బయట పెట్టండి, లేదా సంచి తీసి మంచి కార్ట్రిడ్జ్ ఫిల్టర్ వేయించండి. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) పని ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు, ఆ పొడి మరీ మెత్తన. అందులో ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది.

పొడి ఎక్కడ తప్పించుకుంటోందో కనిపెట్టడం తేలికే. సాండర్ నడుస్తుండగా ఇంకొకరు అవతలి వైపు నుంచి గట్టి టార్చి వేస్తే, మీరు ఆ వెలుగుకు ఎదురుగా కొంచెం ఏటవాలుగా నిలబడి చూడండి. మామూలుగా కంటికి ఆననిదంతా పొగలా లేస్తుంది. సాండర్‌కే గొట్టం తగిలించండి. ఉప్పుకాగితం రంధ్రాలు ప్యాడ్ రంధ్రాలకు సరిపోవాలి. ఎవరూ పట్టించుకోని సంగతి ఇది! గుండ్రటి రంపానికి (సర్క్యులర్ సా) బల్ల కింద ఒక్కచోటే పీలిస్తే చాలదు, పైన గార్డు దగ్గర కూడా ఉండాలి. ఆపి ఉంచిన మిషన్ల గొట్టాలు మూసేయండి. ముడతల గొట్టం ఎంత పొడవుంటే పీల్చే బలం అంత తగ్గుతుంది.

ఎయిర్ గన్ (గాలిని గట్టిగా ఊదే సాధనం) మీద నాకు పాత పగ ఉంది. సాయంత్రం దాంతో బల్లలూ బట్టలూ ఊదుకుంటే పగలంతా పట్టిన పొడిని మళ్లీ గాలిలో కలిపినట్టే. వాక్యూమ్‌తోనే తీయాలి.

మాస్కు వీటన్నిటి తర్వాతే. ఎన్95 లాంటిది, ముఖానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. మిషన్ ఆపగానే తీయకుండా బయటికి వచ్చాకే తీయమనండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ముక్కు, దాని చుట్టూ ఉండే గాలి గదుల క్యాన్సర్‌కు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొడిని మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. యూరోపియన్ యూనియన్ 2023 నుంచి గట్టి చెక్క పొడి పరిమితిని ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములకు తగ్గించింది.

ఇన్నీ చేశాక కూడా టార్చి వెలుగులో పొడి లేస్తుంటే అప్పుడు పెద్ద మిషన్ కొనండి. కొనేటప్పుడు హార్స్‌పవర్ అడిగి ఊరుకోకండి, మీ గొట్టాల పొడవుకు ఎంత గాలి లాగుతుందో అడగండి.