మీరడిగారు: నీడతో భూమిని కొలవడం

ప్రశ్న: జూన్ 21 మధ్యాహ్నం ఈజిప్టులోని సైయీన్‌లో నీడ పడకపోవడం, అలెగ్జాండ్రియాలో పడటం ఆధారంగా ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత లెక్కగట్టాడని చదివాం. అదే రోజున మా డాబా మీద పిల్లలతో ఈ ప్రయోగం చేయించవచ్చా? ఆయన లెక్క ఒక్క శాతం తేడాతో సరిపోయిందన్నది నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: చేయించండి గానీ ఆ రోజు వద్దు. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం మీద, కర్కటరేఖకు దక్షిణాన ఉంది. జూన్ 21కి సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్లిపోతాడు. మీటరు కర్రకు పడేది 10 సెంటీమీటర్ల నీడ, అదీ దక్షిణం వైపు. పోల్చడానికి తీసుకునే రెండో ఊరు కర్కటరేఖకు అవతల ఉంటే అక్కడ నీడ ఉత్తరానికి పడుతుంది కాబట్టి రెండు కోణాల్నీ కలపాలి. అలవాటుగా తీసివేశారో, భూమి చుట్టుకొలత లక్షన్నర కిలోమీటర్లు తేలుతుంది! పైగా అప్పటికి మబ్బులు.

మార్చి 20 పెట్టుకోండి. జోడీగా గోరఖ్‌పూర్ మంచిది, దాదాపు మన రేఖాంశం మీదే ఉంది. రెండు చోట్లా 11.55 నుంచి రెండు నిమిషాలకోసారి నీడ కొనకు చుక్క పెట్టాలి. 12.04 ప్రాంతంలో వచ్చే అతి చిన్న నీడే లెక్కకు పనికొస్తుంది. మీటరు కర్రకు ఇక్కడ సుమారు 32, అక్కడ 50 సెంటీమీటర్లు రావాలి. నీడను కర్ర పొడవుతో భాగించి, క్యాలిక్యులేటర్‌లో టాన్ ఇన్వర్స్ నొక్కితే కోణాలు వస్తాయి. తేడా 9 డిగ్రీలు. 360ని దాంతో భాగించి 1,005 కిలోమీటర్లతో గుణిస్తే 40 వేల దగ్గరికి వస్తారు. ఆ 1,005 నేరుగా కొలిచిన దూరం. రైలు దూరం వేయకండి.

చెడేదల్లా డాబా దగ్గరే. నీళ్లు పోవడానికి వాటం ఇచ్చి ఉంటుంది కదా, పలక వేసి రసమట్టంతో సరిచూడాలి. కర్ర ఒక్క డిగ్రీ ఒరిగినా జవాబు నాలుగు వేల కిలోమీటర్లకు పైగా తప్పుతుంది. దారానికి నట్టు కట్టి రెండు వైపుల నుంచీ చూడండి. నీడ కొన అలికినట్టుంటే కర్ర తలకు చిల్లుపెట్టిన అట్టముక్క అంటించి, వెలుగుచుక్క నడిమికి కొలవండి. కర్ర ఎత్తు కూడా ఆ చిల్లు వరకే.

ఇక ఒక్క శాతం మాట గట్టిగా చెప్పలేం. ఎరటోస్తనీస్‌కు వచ్చింది 2,50,000 స్టేడియాలు. స్టేడియం అంటే ఆనాటి గ్రీకుల దూరపు కొలత, దాని పొడవెంతో కచ్చితంగా తెలియదు. స్టేడియం 157 మీటర్లనుకుంటే 39 వేల కిలోమీటర్లు, 185 అనుకుంటే 46 వేలు. సైయీన్, అంటే నేటి అస్వాన్, అలెగ్జాండ్రియాకు సరిగ్గా దక్షిణాన కూడా లేదు, మూడు డిగ్రీలు తూర్పుకు జరిగి ఉంది.