జీతం ఇచ్చాక దుబాసీలకు సైన్యం ఇంకేం బాకీ?

"జీతం తీసుకునే పనిచేశారు కదా, సైన్యం వెళ్ళిపోయాక దుబాసీలకు ఇంకేం బాకీ ఉంటుంది?" అని అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైన్యానికి పనిచేసిన దుబాసీల గురించి ఒకరు అడిగారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

నేనుండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఇక్కడ మన తెలుగువాళ్ళూ ఎక్కువే, అఫ్గాన్లూ ఎక్కువే. మా పై అంతస్తులో ఉండే అఫ్గాన్ ఆయన అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌లో అమెరికా సైన్యానికి దుబాసీగా చేసి, అలా పనిచేసినవాళ్ళ కోసం పెట్టిన ప్రత్యేక వీసా మీద వచ్చారు. పెషావర్‌లో పెరిగినందువల్ల ఉర్దూ బాగా వచ్చు. నా హైదరాబాదీ హిందీతో మాటలు కలిశాయి. దుబాసీని వాళ్ళు తర్జుమాన్ అంటారు, మన తర్జుమాకి చుట్టమే.

ఆయన తమ్ముడిదీ అదే పని. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి పోయాక, సోదాలకొస్తారన్న భయంతో వాళ్ళమ్మ అతని సర్టిఫికెట్లన్నీ తందూర్‌లో వేసి కాల్చేసింది. అన్నకి వాట్సాప్‌లో ఎప్పుడో పంపిన ఒక్క ఫోటో మిగిలింది. నేను చూశాను. ఒక కెప్టెన్ సంతకం, కింద ముద్ర, కాగితం మూలన ఫోటో తీసినవాళ్ళ బొటనవేలు. దాన్ని పట్టుకుని ఫైలు తయారు చేయడానికి కూర్చున్నాం.

వీసాకి పై అధికారి సిఫారసు లేఖ కావాలి, ఉద్యోగంలో పెట్టుకున్నవాళ్ళు రాసిచ్చిన పత్రం కావాలి. దుబాసీల్లో చాలామందిని సైన్యం కాంట్రాక్టు కంపెనీల ద్వారా తీసుకుంది. పాత కంపెనీ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ రాబట్టడం ఎంత టెన్షనో మనలో చాలామందికి తెలుసు. మనకి పోయేది మహా అయితే ఒక ఉద్యోగం. కెప్టెన్ మిలిటరీ మెయిల్ పనిచేయలేదు. ఫేస్‌బుక్‌లో వెతికి పట్టుకుంటే మర్నాడే లేఖ పంపాడు. కంపెనీ పత్రానికి మాత్రం 14 నెలలు పట్టింది. దరఖాస్తును తొమ్మిది నెలల్లో తేల్చాలని అమెరికా చట్టంలోనే ఉంది. జరిగేది ఏళ్ళ తరబడి.

జీతం ఒక భాషలో అన్నది ఇంకో భాషలో చెప్పినందుకు. "మీ ఇల్లు సోదా చేయాలి" అన్నది ఎవరైనా, ఊరివాళ్ళ చెవిన పడింది దుబాసీ గొంతు, వాళ్ళకి గుర్తున్నది అతని మొహం. సైనికుడు కొన్ని నెలల డ్యూటీ ముగించుకుని ఇంటికి పోతాడు. ఇతని ఇల్లు అక్కడే. ఆ ప్రమాదానికి ఏ నెలా జీతం కట్టలేదు. అదే బాకీ.

అందుకే, ఎవరు ఎన్నాళ్ళు పనిచేశారో సైన్యమే మొదటి రోజు నుంచీ రాసి పెట్టుకోవాలి. ప్రాణభయంతో పరిగెత్తే మనిషిని రుజువులు తెమ్మనడం అన్యాయం. వెళ్ళిపోతున్నామని అమెరికా 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. వీళ్ళని తరలించే తొలి విమానం అమెరికాలో దిగింది జులై 30న. ఆ మూడున్నర నెలలు తల్చుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. రాసుకున్న పేర్లని కాపాడటం కూడా బాకీలో భాగమే. బ్రిటన్‌లో 2022లో, ఆ దేశానికి రావడానికి దరఖాస్తు పెట్టుకున్న దాదాపు 19,000 మంది అఫ్గాన్ల వివరాలు రక్షణ శాఖ నుంచే బయటికి పోయాయి.

తమ్ముడి ఫైలు చివరికి ఆమోదం పొందింది. ఇంతలో 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వ ఖర్చుతో తీసుకొచ్చే విమానాలు ఆపేశారు. అతను భార్యాపిల్లలతో ఇస్లామాబాద్‌లో ఉన్నాడు. మాకు రాత్రి తొమ్మిదైతే అక్కడ ఉదయం తొమ్మిది. ఆ టైముకి పైనుంచి ఫోన్ మాటలు వినిపిస్తాయి. మొన్న ఆయన కిందికొచ్చి, వీసా కోసం తమ్ముడి వాళ్ళు చేయించుకున్న మెడికల్ టెస్టుల గడువు మళ్ళీ అయిపోయిందని, ఇప్పుడు డబ్బు కట్టి చేయించాలా, ఆగాలా అని నన్ను అడిగారు.